పాత గుంటలోనే కాలు దించాలా, పక్కకు జరగాలా? జాకప్ రిగ్గుకి ఏది మేలు?

సముద్రంలో ఉన్న పాత చమురు ప్లాట్‌ఫామ్ దగ్గరికి, బావి మరమ్మతుకో కొత్త బావి తవ్వడానికో జాకప్ రిగ్ (కాళ్లను సముద్రపు అడుగుకి దించి, వాటి మీద నీళ్లపైకి లేచి నిలబడే డ్రిల్లింగ్ రిగ్) వస్తోందంటే మొదటి టెన్షన్ డ్రిల్లింగ్ గురించి కాదు, కాళ్లు ఎక్కడ దించాలన్నదే. ఇంతకుముందు వచ్చిన రిగ్ తన కాళ్లు పీక్కుని వెళ్లిపోయింది. అడుగునున్న బంకమట్టిలో గుంటలు మిగిలాయి.

జాకప్‌కి సాధారణంగా మూడు కాళ్లుంటాయి. ఒక్కో కాలి అడుగున స్పడ్‌క్యాన్ అనే ఉక్కు పాదం, అడ్డకొలత 10 నుంచి 20 మీటర్లు. రిగ్ ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు తోడి, ఆ బరువుతో పాదాన్ని మట్టిలోకి దింపుతారు. దీన్నే ప్రీలోడ్ అంటారు. బాగా మెత్తటి బంకమట్టిలో పాదం 20, 30 మీటర్ల లోతుకి కూడా దిగిపోతుంది. తిరిగి పీకినప్పుడు గుంటతో పాటు చుట్టూ కెలకబడి బలం పోయిన మట్టి మిగులుతుంది. కానీ పాదం కింద నెలల తరబడి బరువు మోసిన మట్టిలో నీరు పిండుకుపోయి, అది మునుపటికంటే గట్టిగా ఉండొచ్చు. ఇసుక నేలైతే ప్రవాహాలే గుంటను పూడ్చేస్తాయి. బంకమట్టిలో ఆ మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది.

అసలు భయం గుంటతో కాదు, గుంట అంచుతో. దమ్ము చేసిన మడిలో నిన్నటి అడుగు మీద సగం పడేలా కాలు వేస్తే పాత గుంటలోకి జారినట్టే ఇక్కడా జరుగుతుంది. పాదానికి ఒక పక్క గట్టి మట్టి, ఇంకో పక్క మెత్తటి మట్టి తగిలి అది గుంటవైపు జారబోతుంది. పైన డెక్ దాన్ని కదలనివ్వదు కాబట్టి కాలు వంగుతుంది, అడ్డకడ్డీలు దెబ్బతింటాయి. రిగ్ మొత్తం పక్కకు జరిగి ప్లాట్‌ఫామ్‌ని తాకే ప్రమాదమూ ఉంది. పాత, కొత్త పాదాల కేంద్రాల మధ్య దూరం పాదం అడ్డకొలతలో సగం నుంచి పూర్తి అడ్డకొలత దాకా ఉన్నప్పుడు పరిస్థితి చాలా చెడ్డది.

అందుకే నా ఓటు మొదట అదే గుంటకి, కానీ ఒక షరతు మీద. కాళ్ల మధ్య దూరం, పాదం సైజు పాత రిగ్‌తో సరిపోవాలి. అప్పుడు బరువు కేంద్రం మీదే పడుతుంది, పక్కకు తోసే బలం దాదాపు ఉండదు. డిజైన్ మారితే మాత్రం ఒక కాలు సరిగ్గా కూర్చున్నా మిగతా రెండూ అంచుల మీద పడతాయి. పైగా టగ్గు పడవలతో లాగి నిలబెట్టే రిగ్ ఒకటి రెండు మీటర్లు అటూ ఇటూ కావడం మామూలే.

షరతు కుదరకపోతే దూరం జరగడమే సురక్షితం. స్నేమ్ అనే నౌకా ఇంజనీర్ల సంఘం మార్గదర్శకం ప్రకారం పాత గుంట అంచుకీ కొత్త పాదం అంచుకీ మధ్య కనీసం ఒక అడ్డకొలత ఎడం ఉండాలి. పాదాలు రెండూ 14 మీటర్లవైతే కేంద్రాల మధ్య 28 మీటర్లన్నమాట. కాగితం మీద ఇది తేలికే. కానీ డ్రిల్లింగ్ జరిగేది రిగ్ వెనక చాచిన చేయి మీద నుంచి, అది బావి దాకా అందాలి కదా! ప్లాట్‌ఫామ్ రెండో వైపు నుంచి రావాలంటే అక్కడ పైప్‌లైన్లు అడ్డొస్తాయి.

ఈ రెండూ కుదరనప్పుడు స్టాంపింగ్. కొంచెం బరువుతో గుంట పక్కన కాలు దించి, మట్టిని గుంటలోకి తోసి, లేపి, ఇంకాస్త దగ్గరగా జరిగి మళ్లీ దించడం. దీనివల్ల గుంటకీ చుట్టూ ఉన్న నేలకీ తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. కాళ్లు ఎత్తి దించే ఆ సమయంలోనే రిగ్ అలలకు బాగా లోకువ. ప్రశాంతమైన వాతావరణం ఉంటేనే దీనికి దిగాలి. రోజులు గడిచేకొద్దీ అద్దె మీటర్ తిరుగుతూనే ఉంటుందని తొందరపడితే మొదటికే మోసం.

గుంటలో కంకర నింపడం నాకు చివరి మాట. చూడ్డానికి భరోసాగా ఉంటుంది కానీ మెత్తటి మట్టి మధ్య గట్టి దిమ్మ తయారవుతుంది. పాదం దాని మీద ఓరగా పడితే సమస్య తిరగబడుతుందే తప్ప తీరదు. తర్వాత వచ్చే ప్రతి రిగ్‌కీ ఆ దిమ్మ ఒక లెక్కే.

మన తీరానికీ ఈ లెక్క వర్తిస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల ముందు సముద్రపు అడుగంతా నదులు తెచ్చిపోసిన మెత్తటి ఒండ్రు. రవ్వ లాంటి లోతు తక్కువ చమురు క్షేత్రాల్లో పాత ప్లాట్‌ఫామ్‌ల దగ్గరికి రిగ్గులు తిరిగి రావాల్సిందే. అందుకని రిగ్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేముందే పాత రిగ్ కాళ్లు సరిగ్గా ఎక్కడ నిలిచాయి, పాదం సైజెంత, ఎంత లోతు దిగింది, ఎప్పుడు పీకారు అన్న నాలుగు వివరాలూ చేతిలో ఉండాలి. అవి ఉంటే గుంటకి తగిన రిగ్‌నే ఎంచుకోవచ్చు. రిగ్ వచ్చి నీళ్లలో నిలబడ్డాక వెతకడం మొదలుపెడితే మిగిలేవి స్టాంపింగ్, కంకరే.