అగ్రిమెంటులో సర్వే నంబరు తప్పు పడిందని అడ్వాన్సు వెనక్కి తీసుకోకండి

కోనసీమలో తోటో, చేనో, ఇళ్ల స్థలమో కొనబోతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

అంబాజీపేట దగ్గర 40 సెంట్ల కొబ్బరితోట బేరం కుదిరింది. ఐదు లక్షలు అడ్వాన్సిచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాయించుకున్నాం. అందులో 134/2 అని ఉండాల్సిన సర్వే నంబరు 143/2 అని పడింది. రాసినాయన చూసుకోలేదు, మేమూ చూసుకోలేదు. హద్దులు మాత్రం సరిగ్గా ఉన్నాయి. తూర్పున పంట బోదె, దక్షిణాన పుంత, మిగతా రెండు వైపులా పేర్లతో సహా పక్క రైతుల తోటలు. ఆ తోటలోనే నిలబడి, చెట్లు లెక్కపెట్టుకుని మరీ బేరమాడుకున్నాం.

రెండో నెలకి అక్కడ సెంటు ధర పెరిగింది. అమ్మే ఆయన ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. "నంబరే తప్పండి, ఈ కాగితం చెల్లదు. మీ డబ్బులు మీరు పుచ్చేసుకోండి" అన్నారు. ఉన్న ఐదు లక్షలూ పోతాయేమోనని భయమేసింది. డబ్బు తీసుకుని, ఇద్దరి సమ్మతితో రద్దు చేసుకున్నామని వాళ్లు రాసి తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టేశాను.

వారం తర్వాత అమలాపురంలో వకీలు గారికి చూపిస్తే ఆయన తల పట్టుకున్నారు. రాతలో పొరపాటు వేరు, బేరంలోనే పొరపాటు వేరట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 20వ సెక్షను ప్రకారం, అసలు విషయంలోనే ఇద్దరూ పొరబడితే ఒప్పందం చెల్లదు. ఉదాహరణకి, లంక భూమి బేరమాడుకున్నాం అనుకోండి, అప్పటికే అది గోదాట్లో కోసుకుపోయింది, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. అదీ 20వ సెక్షనంటే. మాది అలా కాదు, మా ఇద్దరి మనసులో ఉన్నది ఒకటే తోట, తప్పు రాతలోనే. హద్దులకీ నంబరుకీ తేడా వస్తే కోర్టులు మామూలుగా హద్దులకే విలువిస్తాయి. అమ్మినాయన మొండికేస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షను కింద కాగితం సవరించమని, ఆ దావాలోనే రిజిస్ట్రేషను చేయించమని అడగవచ్చు. దానికి గడువు తేదీ నుంచి మూడేళ్ల వ్యవధి ఉంటుంది.

"మరి ఇప్పుడు?" అనడిగాను. ఇద్దరూ ఒప్పుకుని రద్దు చేసుకున్నాక పాత ఒప్పందం నెరవేర్చక్కర్లేదని కాంట్రాక్టు చట్టం 62వ సెక్షను చెబుతోందట. చట్టం తెలియక సంతకం పెట్టానంటే అదే చట్టం 21వ సెక్షను అడ్డొస్తుంది. నంబరు తప్పు వల్ల నాకు పోయిందేమీ లేదు. ఆ సంతకం వల్లే తోట పోయింది. ఇంట్లో వాళ్ల ముఖం చూడలేకపోతున్నాను.

మీరు అగ్రిమెంటు రాసుకునే రోజే పాత దస్తావేజు, 1-బి (భూమి హక్కుల రికార్డు), ఎఫ్‌ఎంబీ పటం (సర్వే కొలతల పటం) పక్కన పెట్టుకుని నంబరు ఒక్కో అంకె పైకి చదివించండి. తప్పు దొరికితే అక్కడికక్కడే దిద్దించి, దిద్దిన చోట ఇద్దరూ సంతకాలు పెట్టండి. రిజిస్ట్రేషను అయ్యాక బయటపడితే సవరణ దస్తావేజు రాయించుకోవచ్చు. హద్దుల దగ్గర "ఇతరుల భూమి" అని ఊరికే రాయనివ్వకండి. అలా రాసి ఉంటే నంబరు తప్పినప్పుడు ఏ నేలో చెప్పడానికి ఆధారం ఉండదు, అప్పుడు నిజంగానే చిక్కు.

ఇప్పటికే అగ్రిమెంటు చేతిలో ఉన్నవాళ్లు ఈ రాత్రే తీసి చూసుకోండి. ఎవరైనా రద్దు కాగితం పట్టుకుని ఇంటికొస్తే, పెద్దమనుషులు ఎంత బతిమాలినా సరే, వకీలుకి చూపించకుండా సంతకం పెట్టకండి.