పీసీజీఎస్ స్లాబులో అయిదు డాలర్ల పాత బంగారు నాణెం: ఎంతవరకు నమ్మొచ్చు

1795 నుంచి 1834 దాకా ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టిన హాఫ్ ఈగిల్ (అమెరికా అయిదు డాలర్ల బంగారు నాణెం) కొనేవాళ్ల మొదటి బెంగ నకిలీల గురించే. ఆ బెంగ తీర్చడంలో పీసీజీఎస్‌కి మంచి మార్కులే వేయాలి. నాణేలను పరీక్షించి, గ్రేడు వేసి, స్లాబు అనే ప్లాస్టిక్ డబ్బీలో మూసి ఇచ్చే సంస్థ ఇది. నాణెం అసలుదేనని హామీ ఇస్తుంది. లేబుల్ మీది సర్టిఫికెట్ నంబరు వాళ్ల సైట్లో కొడితే చాలావాటికి ఫొటో కూడా వస్తుంది. అందులోని గీతలు, మచ్చలు చేతిలో ఉన్నదాంతో ఒక్కొక్కటే సరిచూడండి. దొంగ స్లాబు మీద అసలు నంబరు వేసి అమ్మేవాళ్లున్నారు మరి.

పేచీ అంతా గ్రేడు దగ్గరే. ఏయూ-58 (దాదాపు అరగనిది) అని రాసిన రెండిటిని పక్కపక్కన పెడితే ఒకటి లేత ఆకుపచ్చ పసుపులో, అక్షరాల మొదళ్లలో రాగి ఛాయతో నిండుగా కనిపిస్తుంది. ఇంకోటి కంసాలి మెరుగుపెట్టిన ఉంగరంలా ఒట్టి పసుపు. ఈ నాణేలు 22 క్యారెట్లవి, మిగతా పాలు వెండి, రాగి. శుభ్రం చేయడానికి ద్రావకంలో ముంచితే ముందు పోయేది ఆ పాత ఛాయే. అయినా రెండిటికీ ఒకే అంకె పడొచ్చు. గ్రేడు పడ్డ నాణేలను మళ్లీ చూసి, ఆ గ్రేడుకు తగ్గవని మెచ్చినవాటికి గుర్తు వేసే సీఏసీ అనే సంస్థ ఆకుపచ్చ స్టిక్కర్ ఉన్నదానికి ఎక్కువ అడిగేది ఇందుకే, ఈ నాణేల్లో ఇవ్వడమూ దండగ కాదు.

ఆకురాయి గీతలు చూసి వెనక్కి తగ్గకండి. బరువెక్కువైన బిళ్లను ముద్ర వేయకముందే అరగదీసి 8.75 గ్రాములకు తెచ్చేవాళ్లు. గీత ముద్ర కింద అణిగి ఉంటే అది టంకశాల పని. అక్షరాన్ని కోస్తూ పోతే తర్వాత పడ్డ గాటు.

మన కాసులపేరులాగే అమెరికాలోనూ వీటిని నగలకు వాడారు. కొక్కెం తీసి నున్నగా చేసినవి గ్రేడు అంకె లేకుండా 'డీటెయిల్స్' అని, లోపం చెప్పే కోడ్‌తో వస్తాయి: 82 అంటే అరగదీసిన అంచు, 92 కడిగినది, 98 దెబ్బతిన్నది. పది రెట్ల లెన్సుతో తలపైన అంచు చూడండి, టంకం జాడ తరచూ అక్కడే దొరుకుతుంది.

మొదటి కొనుగోలుకు 1806, 1813 లాంటి సంవత్సరాలు నయం. 1820ల నాణేల్లో ముఖవిలువ కంటే బంగారం ధరే ఎక్కువై చాలావరకు కరిగించేశారు: 1822వి 17,796 కొడితే తెలిసినవి మూడే, రెండు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి.

1834 అని ఉంటే మాత్రం వెనకవైపు గద్ద తలపైన 'ఈ ప్లూరిబస్ ఊనమ్' పట్టీ వెతకండి. లేకపోతే అది బరువు 8.36 గ్రాములకు తగ్గించిన తర్వాతి రకం, క్లాసిక్ హెడ్. పాత రకం ధర పెట్టొద్దు.