పైపై (PyPy) జిట్ లాగ్ రివ్యూ: స్పీడ్ ఎక్కడి నుంచి వస్తుందో చూడాలంటే

పైథాన్ లూప్ స్లోగా ఉందంటే బెంగళూరులోని మా బెల్లందూరు ఆఫీసులో తెలుగోళ్ళు ఇచ్చే మొదటి సలహా 'పైపైలో నడిపి చూడు' అనే. పైపై అంటే పైథాన్ కోడ్‌ని వేగంగా నడపడానికి తయారైన మరో పైథాన్ ఇంటర్‌ప్రెటర్. నడిపితే చాలాసార్లు స్పీడ్ పెరుగుతుంది, సరే, కానీ ఎందుకు పెరిగిందో డిజైన్ డాక్యుమెంట్‌లో రాయాలంటే? దానికి పైపైతోనే ఉచితంగా వచ్చే జిట్ లాగ్ ఉంది, అంటే జిట్ (కోడ్ నడుస్తుండగానే దాన్ని మెషీన్ కోడ్‌గా మార్చే కంపైలర్) ఏం చేసిందో రాసిపెట్టే ఫైల్. పైపైలాగ్ (PYPYLOG) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఏ లాగ్ కావాలో, ఏ ఫైల్‌లో పడాలో చెప్పి స్క్రిప్ట్ నడపడమే.

డిఫాల్ట్‌గా ఒక లూప్ 1039 సార్లు తిరిగాక పైపై దాన్ని వేడెక్కిందని లెక్కేసి, ఒక చుట్టులో జరిగిన పనులన్నీ వరసగా రికార్డ్ చేసి మెషీన్ కోడ్‌గా కంపైల్ చేస్తుంది. ఇఫ్ వచ్చిన చోట గార్డ్ పెడుతుంది, అంటే ఇప్పుడు నిజమైన షరతు తర్వాత తప్పితే ఇంటర్‌ప్రెటర్‌లోకి వెనక్కి వెళ్ళిపోవాలి. ఒకే గార్డ్ మళ్ళీ మళ్ళీ (డిఫాల్ట్‌గా 200 సార్లు) ఫెయిలైతే అక్కడి నుంచి బ్రిడ్జ్, అంటే ఆ రెండో దారికి విడిగా కోడ్, కంపైల్ చేస్తుంది.

అసలు మజా ఆప్టిమైజ్ చేయని లాగ్‌నీ, చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి చదవడంలో ఉంది. మొదటిదాంట్లో రెండు అంకెలు కూడినా కొత్త ఆబ్జెక్ట్ కేటాయింపు, ఫీల్డ్‌లో రాయడం, మళ్ళీ చదవడం, టైప్ చెక్, ఇదంతా కనిపిస్తుంది. రెండోదాంట్లో చాలావరకు ఉండదు, ఎందుకంటే ఆ ఆబ్జెక్ట్ లూప్ దాటి బయటకి పోదని తెలిశాక దాన్ని మెమరీలో సృష్టించకుండా విలువను మాత్రమే పట్టుకుంటుంది. విలువ హద్దు దాటదని ముందే తేలితే ఓవర్‌ఫ్లో చెక్ కూడా ఎగిరిపోతుంది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు 'అన్నా, ఒకే కోడ్ రెండుసార్లు ప్రింటైంది, బగ్గా?' అన్నాడు. బగ్ కాదు, కావాలనే మొదటి చుట్టు విడిగా తీసి ముందు పెడతారు, మారని చెక్‌లు అక్కడే ఒకసారి అయిపోతాయి, రెండో భాగమే తిరుగుతూ ఉంటుంది. ఇది తెలియకుండా లాగ్ తెరిస్తే మాత్రం టెన్షనే.

ఐదుకి నాలుగు స్టార్లు. లాగ్‌లో పీ41, ఐ23 లాంటి వేరియబుల్ పేర్లు చదవడం కళ్ళకి శిక్ష, అందుకే ఒక స్టార్ కట్. మధ్యలో ఏ బైట్‌కోడ్ (పైథాన్ కోడ్ లోపల మారే చిన్న సూచన) దగ్గర ఉన్నామో చెప్పే లైన్లు వస్తాయి కాబట్టి వాటిని పట్టుకుని నడవండి. నంపై లాంటి సీ ఎక్స్‌టెన్షన్ల (సీ భాషలో రాసిన పైథాన్ లైబ్రరీల) మీదే పనంతా ఉంటే ఈ లాగ్‌లో చూడ్డానికి పెద్దగా ఏమీ దొరకదు, పైగా అవి పైపైలో నెమ్మదిగానే నడుస్తాయి.