పది తర్వాత ఐటీఐ ఫిట్టరా, మెకానికల్ డిప్లొమానా?

మిషన్ల మీద ఇష్టం ఉన్న పిల్లలకి మన దగ్గర పది పాసయ్యాక రెండు దారులు. చాలా ఇళ్లలో ఐటీఐ మాటెత్తితే ముఖాలు మాడిపోతాయి. ఆ చిన్నచూపు నాకు నచ్చదు.

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్, అంటే మిషన్ భాగాలు తయారుచేసి అమర్చే పని, రెండేళ్లు. సీటు పది మార్కుల మీదే వస్తుంది. ఎక్కువ సమయం వర్క్‌షాపులోనే: ఆకురాయి పట్టి ఇనుప ముక్కను కొలతకు తేవడం, వెర్నియర్ అనే కొలత సాధనంతో చూసుకోవడం, డ్రిల్లింగ్, ట్యాపింగ్ (రంధ్రం లోపల మరలు కోయడం). తర్వాత అప్రెంటిస్‌గా చేరితే నేర్చుకుంటూనే స్టైపెండ్ అందుకోవచ్చు.

డిప్లొమా మూడేళ్లు, పాలీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. లెక్కలు, డ్రాయింగ్, థర్మల్ (వేడి, ఇంజిన్లకు సంబంధించిన) సబ్జెక్టులు గట్టిగానే ఉంటాయి. లెక్కలంటే టెన్షన్ పడేవాళ్లు మొదటి ఏడాదే తడబడతారు.

ఉద్యోగంలోనూ తేడా ఉంది. రైల్వేలో టెక్నీషియన్ పోస్టులకు ఐటీఐ అడిగితే, జూనియర్ ఇంజినీర్‌కు డిప్లొమా అడుగుతారు. డిప్లొమా వాళ్లు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐ నుంచీ బ్రిడ్జి కోర్సు చేసి డిప్లొమా రెండో ఏడాదికి వెళ్లే వీలుంది. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు.

లెక్కలు వచ్చి, ఇంట్లో మూడేళ్లు ఆగగలిగితే నా ఓటు డిప్లొమాకే. త్వరగా సంపాదన కావాలంటే మాత్రం ఫిట్టరే. ఏ కాలేజీ అయినా చేరేముందు వర్క్‌షాపులో లేత్‌లు (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్లు) నిజంగా తిరుగుతున్నాయో లేదో చూసి రండి.