మంచి జవాబుకు పీట వేసేదెవరు: లైకులా, అడిగినవాళ్లా, అడ్మినా?

పోయిన వేసవిలో మా మిద్దెతోట గ్రూపులో ఒకావిడ మిరప మొక్క ఫొటో పెట్టి, "ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఏం కొట్టాలి?" అని అడిగారు. సాయంత్రానికల్లా నలభై ఆరు జవాబులు వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువ లైకులు "వేపనూనె కొట్టండి అక్కా, అంతా పోతుంది" అన్నదానికి. అది మొదటి నిమిషంలోనే వచ్చిన జవాబు. రాసినాయనకు గ్రూపులో మంచి పేరు ఉంది, పైగా కుండీ నిండా విరగకాసిన మిరపకాయల ఫొటో జత చేశారు.

ముప్పై ఎనిమిదో జవాబు దాకా దాదాపు ఎవరూ వెళ్లలేదు. అందులో ఇలా ఉంది: "ఆకు పైకి దోనెలా ముడుచుకుందా, కిందికి తిరగేసిన పడవలా ముడుచుకుందా? పైముడత అయితే తామరపురుగులు. కింది ముడత అయితే నల్లి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వేపనూనె ఇప్పటికే కొట్టి ఉంటే రెండు వారాలు ఆగండి, లేకపోతే ఆకు మాడుతుంది." దానికి మూడు లైకులు. ఫొటోలో ఆకులు కిందికే ముడుచుకున్నాయి. ఆవిడ అప్పటికే వేపనూనె కొట్టేశారు. ముడత తగ్గలేదు. సరైన జవాబు కంటపడ్డాక కూడా రెండు వారాలు చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది.

ఆ గ్రూపుకి నేనూ ఒక అడ్మిన్‌ని. అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. నలుగురు నాలుగు మాటలు చెప్పే చోట, పనికొచ్చే మాటను పైకి తెచ్చే పద్ధతుల్లో ఏది మేలు?

ముందు లైకుల సంగతి. లైకులకు ఖర్చు లేదు, ఎవరినీ బతిమాలక్కర్లేదు, లక్ష మంది ఉన్నా పని జరిగిపోతుంది. కానీ లైకు కొట్టేవాడు మందు వాడి చూసి కొట్టడు, చదివి కొడతాడు. ఒక్కోసారి చదవకుండా, ముందు ఎన్ని ఉన్నాయో చూసి కొడతాడు. ఇది నా అనుమానం మాత్రమే కాదు. 2013లో 'సైన్స్' అనే పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఇదే తేల్చింది. ఒక వార్తల సైట్‌లో ఐదు నెలల పాటు, లక్షకు పైగా కామెంట్ల మీద జరిపిన ప్రయోగం అది. కొన్ని కామెంట్లకు పడగానే ఒక దొంగ ప్లస్ ఓటు వేశారు. అంతే, వాటి చివరి స్కోరు సగటున 25 శాతం పెరిగింది. దొంగ మైనస్ వేసిన వాటిని మాత్రం మిగతా జనం ప్లస్‌లు వేసి సర్దేశారు. అంటే అన్యాయంగా దించిన దాన్ని లేపుతాం గానీ, అన్యాయంగా లేపిన దాన్ని దించం. మా వేపనూనె జవాబుకు జరిగింది అదే.

ఓట్లను లెక్కపెట్టే తీరు మారిస్తే కొంత నయమవుతుంది. మూడు జవాబులు ఉన్నాయనుకోండి. మొదటిదానికి 40 మెచ్చుకోళ్లు, 20 వద్దులు. రెండోదానికి 10 మెచ్చుకోళ్లు, ఒక వద్దు. మూడోదానికి ఒకే ఒక్క మెచ్చుకోలు. కూడికలు తీసివేతలతో చూస్తే మొదటిది గెలుస్తుంది, ముగ్గురిలో ఒకరు వద్దన్నా సరే. శాతంతో చూస్తే మూడోది నూటికి నూరు తెచ్చుకుని పైన కూర్చుంటుంది, చూసింది ఒక్కడే అయినా సరే. ఎడ్విన్ విల్సన్ అనే ఆయన 1927లో ఇచ్చిన సూత్రం ఒకటుంది. "ఇప్పటిదాకా పడిన ఓట్లను బట్టి, అసలు శాతం కనీసం ఎంత ఉంటుందని నమ్మొచ్చు?" అని అది అడుగుతుంది. 95 శాతం నమ్మకంతో లెక్కేస్తే రెండోదానికి సుమారు 62, మొదటిదానికి 54, మూడోదానికి 21 వస్తాయి. మనిషి బుద్ధికి ఏది సరైన వరుస అనిపిస్తుందో అదే వచ్చింది. 2009లో రెడ్డిట్ అనే చర్చల సైట్ తన కామెంట్లకు 'బెస్ట్' అనే వరుస పెట్టినప్పుడు ఈ సూత్రాన్నే తీసుకుంది. ఆలస్యంగా వచ్చిన మంచి జవాబు పైకి పాకడానికి ఇది దారి ఇస్తుంది.

ఒక్క షరతు. 'వద్దు' అనే బటన్ ఉండాలి, జనం దాన్ని వాడాలి. మన తెలుగు గ్రూపుల్లో అదే పెద్ద చిక్కు. పెద్దాయన చెప్పిన మాట తప్పని తెలిసినా "బాగుంది సార్" అంటాం, లేదా నోరు మూసుకుని పక్కకు పోతాం. మర్యాద మంచిదే. కానీ ఆ మర్యాద ఖరీదు ఎవరో ఒకరి మొక్క కడుతుంది.

రెండో పద్ధతి, అడిగినవాళ్లే తేల్చడం. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్న-జవాబుల సైట్‌లో ప్రోగ్రామర్లు దీన్నే అలవాటు చేసుకున్నారు. ప్రశ్న అడిగినవారు తమకు పనికొచ్చిన జవాబు పక్కన ఆకుపచ్చ టిక్కు పెడతారు, రాసినవారికి 15 పాయింట్లు వస్తాయి. మామూలు ఓటుకు వచ్చేవి 10. నాకు ఇది లైకుల కంటే నమ్మకంగా అనిపిస్తుంది, ఎందుకంటే టిక్కు పెట్టిన మనిషి ఆ పని చేసి చూశాడు. అయినా ఇందులోనూ లోటు ఉంది. టిక్కు ఒక్కరిది. ఆ ఒక్కరు తొందరపడి పెట్టి, మళ్లీ వచ్చి మార్చకపోతే అది అక్కడే ఉండిపోతుంది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఏళ్ల తరబడి టిక్కు ఉన్న జవాబే అన్నిటికంటే పైన కనిపించేది. ఎప్పుడో పాత వెర్షన్‌కు రాసిన జవాబు పైన, జనం ఎక్కువగా మెచ్చిన కొత్త జవాబు కింద. చివరికి 2021లో ఆ ఏర్పాటు తీసేశారు. టిక్కు ఉంది గానీ పైపీట పోయింది.

మా దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పని అయిపోయాక మళ్లీ వచ్చి చెప్పేవాళ్లు తక్కువ. అడిగిన పది నిమిషాలకే "థాంక్యూ అన్నా, ప్రాబ్లమ్ సాల్వ్‌డ్" అనేవాళ్లు మాత్రం చాలా మంది. పది నిమిషాల్లో ఏ నల్లీ చావదు.

స్లాష్‌డాట్ అనే పాత సైట్‌ది వేరే దారి. అక్కడ ఓటుతో పాటు కారణం కూడా చెప్పాలి: సమాచారం ఉందా, లోతుగా ఉందా, నవ్వొచ్చిందా. స్కోరు మైనస్ 1 నుంచి 5 దాకానే. పైగా ఓటు వేసే హక్కు అందరికీ ఎప్పుడూ ఉండదు, కొద్దిమందికి కొన్నాళ్లు మాత్రమే ఇస్తారు. నవ్వించినదాన్నీ నేర్పినదాన్నీ ఒకే గాటన కట్టకపోవడం నాకు నచ్చింది. మా కుండీ ఫొటోకు పడిన లైకుల్లో సగం "కాయలు భలే ఉన్నాయి" అన్న లైకులే అయ్యుంటాయి.

వాదనలు ఉండే విషయాలకు ఎక్స్ (పాత ట్విట్టర్)లోని కమ్యూనిటీ నోట్స్, అంటే పోస్టుల కింద వాడకందార్లే రాసే వివరణల పద్ధతి చూడదగ్గది. 2021 జనవరిలో బర్డ్‌వాచ్ పేరుతో మొదలైంది. అక్కడ ఎంతమంది మెచ్చారన్నది చాలదు. మామూలుగా ఒకరితో ఒకరు ఏకీభవించనివాళ్లు కూడా ఇద్దరూ బాగుందంటేనే ఆ నోట్ అందరికీ కనిపిస్తుంది. మిద్దెతోటల వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. సేంద్రియం తప్ప ముట్టనివాళ్లూ, అవసరమైతే మందు కొట్టేవాళ్లూ కలిసి ఔనన్న మాట ఉంటే దాన్ని కళ్లు మూసుకుని పాటించొచ్చు. కాకపోతే దీనికి వేలమంది ఓట్లు, వాళ్ల పాత ఓట్ల చరిత్ర కావాలి. మూడొందల మంది గ్రూపుకు కుదిరే పని కాదు.

ఇక మిగిలింది మనిషి ఏరడం. తెలుగు వికీపీడియా మొదటి పేజీలో 'ఈ వారపు వ్యాసం' చూసే ఉంటారు. దాన్ని లైకులు ఎంచవు, వికీలో పనిచేసేవాళ్లు చదివి, సరిచూసి ఎంచుతారు. ఏరే మనిషికి విషయం తెలిస్తే ముప్పై ఎనిమిదో జవాబు కూడా కంటపడుతుంది. అన్ని పద్ధతుల్లోకీ శ్రమ ఎక్కువైనదీ ఇదే. అడ్మిన్‌కి ఉద్యోగం ఉంటుంది, ఇల్లు ఉంటుంది, ఒక నెల బిజీ అయితే అంతా ఆగిపోతుంది. తనవాళ్ల జవాబులే ఏరుతున్నాడన్న మాటా పడాలి. నేను పడ్డాను.

నన్నడిగితే, వేలమంది ఉన్నచోట విల్సన్ లెక్కతో ఓట్లు, పక్కన అడిగినవారి టిక్కు ఉంటే చాలు. టిక్కు కనిపించాలి గానీ వరుసను శాసించకూడదు. కొన్ని వందల మందే ఉన్నచోట లైకులను అసలు లెక్కలోకే తీసుకోవద్దంటాను. అక్కడ అడిగినవారి ఫలితం, ఏరే మనిషి, ఈ రెండూ కలవాలి. వాట్సాప్‌లో పిన్ చేసినా ఎక్కువలో ఎక్కువ 30 రోజులే నిలుస్తుంది కాబట్టి ఏరినదాన్ని విడిగా ఒక ఫైలులో దాచాలి.

మేం ఇప్పుడు అలాగే చేస్తున్నాం. ఎవరైనా చీడ గురించి అడిగితే, పన్నెండో రోజున ముగ్గురు అడ్మిన్లలో ఒకరు వాళ్లను పలకరిస్తారు: "ఏ జవాబు పాటించారు? ఇప్పుడు మొక్క ఎలా ఉంది? ఫొటో పెట్టండి." ఫలితం ఉంటేనే ఆ జవాబు ఫైలులోకి వెళ్తుంది, తేదీతో సహా. ఎవరి జవాబు ఏరినా, ఏరిన అడ్మిన్ కాకుండా ఇంకొకరు సరే అనాలి.

ముప్పై ఎనిమిదో జవాబు మా మిరప ఫైలులో మొదటి వరుసలో ఉంది. దాని కింద ఆవిడ రాసిన మాటలు: "రెండుసార్లు కొట్టాను. పాత ఆకులు బాగవలేదు, అలాగే ఉన్నాయి. కొత్త చిగుళ్లు మాత్రం తిన్నగా వస్తున్నాయి. నిన్న రెండు పూలు."