గంజాం జిల్లా మనిషి కోసం మారిషస్

మారిషస్ అనగానే ట్రావెల్స్ వాళ్ళు హనీమూన్ ప్యాకేజీలు బయటికి తీస్తారు. మేం వెళ్ళింది పాత రిజిస్టర్లు చూడటానికి. మేం అంటే నేనూ, మా పెదనాన్నా. నేను విశాఖలో ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. ఆయన శ్రీకాకుళం జిల్లాలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా ముత్తాతకి చినతాత వరసయ్యే ఒకాయన కరువులో ఓడెక్కి చెరుకు తోటల పనికి పోయాడనీ, మళ్ళీ రాలేదనీ మా ఇంట్లో చెప్పుకుంటారు. ఏ కరువో ఎవరూ చెప్పలేదు. ఒరిస్సాతో పాటు గంజాం జిల్లానూ ఊడ్చేసిన 1866 కరువే అయివుంటుందని నా లెక్క. ఈ ఒక్క ముక్క పట్టుకుని విమానం ఎక్కడం అతి కాదూ అంటే, అతే. టికెట్లు పెదనాన్న పెన్షన్ డబ్బుతో కొన్నారు కనక నేను నోరెత్తలేదు.

ఇలాంటి యాత్రలో సగం పని ఇంటి దగ్గరే అయిపోవాలి. ముఖ్యంగా మా వైపు వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది జిల్లాల సంగతి. శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. దానికి ముందు అది విశాఖ జిల్లాలో ఉండేది. ఇంకా వెనక్కి, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా, శ్రీకాకుళం పట్నం గంజాం జిల్లాలోది. ఇంగ్లీషు దొరల కాగితాల్లో దాని పేరు చికాకోల్. కాబట్టి ‘శ్రీకాకుళం’ అని అడిగితే అక్కడ ఎవరికీ ఏమీ దొరకదు. తండ్రి పేరు, ఊరి పేరు, ఇంటిపేరు, వెళ్ళిన కాలం సుమారుగా – ఈ నాలుగింట్లో రెండైనా లేకపోతే వెళ్ళడం దండగ. మా దగ్గర తండ్రి పేరూ ఊరూ ఉన్నాయి. మనిషి పేరు మాత్రం మా ప్రాంతంలో ఇంటికొకరికి ఉండేదే, సింహాచలం దేవుడి పేరు.

మనవాళ్ళకి ముందుగా వీసా తీసుకోవాల్సిన పని లేదు, దిగాక ముద్ర వేస్తారు. ముంబై నుంచి ఆరు గంటల పైన ప్రయాణం. మేం వెళ్ళినప్పుడు అక్కడి రూపాయి మన లెక్కలో సుమారు రూపాయి తొంభై పైసలు. యూపీఐ, రూపే 2024 ఫిబ్రవరిలో అక్కడ మొదలయ్యాయి గానీ వాటి మీద ఆధారపడొద్దు. మేం తిన్న బళ్ళ దగ్గరా, బస్సుల్లోనూ నగదే నడిచింది.

బస విషయంలో నా సలహా సూటిగా చెప్తాను. రోజ్ హిల్‌లో ఉండండి. రాజధాని పోర్ట్ లూయిస్‌లో చూడాల్సినవి చాలా ఉన్నాయి గానీ, ఆఫీసులు మూసేసరికి ఊరు ఖాళీ అయిపోతుంది. సాయంత్రం ఆరు దాటితే టీ నీళ్ళకి కూడా వెతుక్కోవాలి. మొదట అక్కడే ఒక గదిలో దిగాం. ఫొటోల్లో కనిపించిన కిటికీ పక్క గోడలోకి తెరుచుకుంది, వేడినీళ్ళు వస్తాయన్న కుళాయిలో గాలి వచ్చింది. ఉత్తరాన గ్రాండ్ బే వైపు బీచ్ హోటళ్ళు బాగుంటాయి, ధరలూ అలాగే ఉంటాయి. పైగా ఆర్కైవ్స్ (పాత రికార్డులు దాచిన చోటు) పనికి రోజూ అక్కణ్ణుంచి రావడం చాకిరీ. రోజ్ హిల్ మెట్రో లైను మీద ఉంది, అటు పోర్ట్ లూయిస్‌కీ ఇటు రెద్వీకీ నేరుగా పోవచ్చు, బజారు రాత్రి కాస్త పొద్దుపోయే దాకా ఉంటుంది. మేం మారిన గెస్ట్‌హౌస్ ఒక ముస్లిం కుటుంబానిది. పై అంతస్తులో రెండు గదులు, చిన్న వంటగది. పెదనాన్నకి అన్నం, చారు లేకపోతే రోజు గడవదు కాబట్టి ఆ వంటగది మా పాలిట దేవుడు. ఇంటావిడ పెదనాన్నని ‘తోంతోం’ అని పిలిచేది. అక్కడి వాడుక భాష క్రియోల్‌లో బాబాయ్, మావయ్య లాంటి పెద్దవాళ్ళని అలా అంటారట. రెండో రోజుకే ఆయన ఆ పిలుపుకి పలకడం మొదలుపెట్టారు.

తిండికి బెంగ లేదు. ధోల్ పూరి ఎక్కడ చూసినా దొరుకుతుంది, బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి, లోపల పప్పుపిండి, పైన బీన్స్ కూర, పచ్చిమిరప పచ్చడి. బస్సులు బాగానే ఉన్నాయి గానీ పల్లెల వైపు సాయంత్రం త్వరగా ఆగిపోతాయి. ఆ సంగతి తెలిసిన టాక్సీవాళ్ళు చీకటి పడే వేళకి రేటు రెట్టింపు చెప్తారు.

ఇక ఆప్రవాసీ ఘాట్. పోర్ట్ లూయిస్ రేవు ఒడ్డునే ఉంది, మెట్రో దిగి నడిచి పోవచ్చు. 2006 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. 1834 నుంచి 1920 మధ్య దాదాపు అయిదు లక్షల మంది ఒప్పంద కూలీలు భారతదేశం నుంచి ఈ రేవులో దిగారు. కొందరు ఇక్కడి తోటలకీ, కొందరు ఇక్కణ్ణుంచి రీయూనియన్, ఆఫ్రికా, కరీబియన్ వైపులకీ పోయారు. ఇప్పుడు కనిపించే కూలీల డిపో 1849లో మొదలైంది. ప్రవేశం ఉచితం. ఆదివారం మూసి ఉంటుంది, శనివారం మధ్యాహ్నం దాకానే.

చూడగానే పెదనాన్న అన్న మాట: “ఇదేటమ్మా, ఇంతేనా?” నిజమే, చిన్నది. పాత డిపోలో సగం కన్నా తక్కువే మిగిలింది, పక్కనుంచి పెద్ద రోడ్డు కోసుకుపోయింది. మిగిలినవి ఆసుపత్రి గదుల గోడలు, వంటశాల, మరుగుదొడ్లు, కాపలావాడి గది, కూలీలు పడుకున్న షెడ్లు. నీటి వైపు నుంచి పైకి పదహారు మెట్లు. అందరూ వాటి దగ్గరే ఫొటోలు దిగుతారు, మేమూ దిగాం. కానీ నన్ను నిలబెట్టింది మెట్లు కాదు, మరుగుదొడ్ల వరస. వారాల తరబడి ఓడలో ఉండి వచ్చిన మనుషుల్ని రెండు మూడు రోజులు ఇక్కడ ఉంచి, లెక్క రాసి, నంబరిచ్చి, తోటల వాళ్ళకి అప్పగించేవారు. ఆ తతంగమంతా ఎంత క్రమపద్ధతిలో జరిగిందో ఆ కట్టడం చూస్తే అర్థమవుతుంది. పక్కనున్న వ్యాఖ్యాన కేంద్రం 2014లో తెరిచారు. ముందు అందులోకి వెళ్ళి, తర్వాత గోడల దగ్గరికి రండి. మా గైడు అమ్మాయి ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పింది, పెదనాన్న వేసిన ప్రశ్నలన్నిటికీ.

దగ్గర్లోనే 2023లో తెరిచిన బానిసత్వ మ్యూజియం ఉంది, పాత సైనిక ఆసుపత్రి భవనంలో. చాలామంది భారతీయులు దాన్ని దాటేసి పోతారు. పోవద్దు. 1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయింది. బానిసలకి కాదు, వాళ్ళ యజమానులకి బ్రిటిష్ ప్రభుత్వం 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం ఇచ్చింది. తోటల్లో ఖాళీ అయిన చోట్లలోకి మనవాళ్ళని దింపారు. ఘాట్ ఒక్కటే చూసి వస్తే మన కష్టం కథ మాత్రమే తెలుస్తుంది, అది ఎవరి కష్టం మీద కుదురుకుందో తెలియదు.

పాంప్లెమూస్‌లో పాత బో ప్లాన్ చక్కెర ఫ్యాక్టరీని మ్యూజియం చేశారు. యంత్రాల మీద ఆసక్తి ఉంటే మంచి పూట, చివర్లో రకరకాల చక్కెర రుచి చూపిస్తారు. షుగర్ ఉన్న పెదనాన్న అక్కడ నా మాట వినలేదు. ల మోర్న్ కొండ దూరం నుంచే చూశాం.

అసలు పని మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో. భారతీయ వలస రికార్డులు అక్కడి ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రెద్వీ దాకా మెట్రో, తర్వాత బస్సో టాక్సీయో. ముందే ఈమెయిల్ రాసి వివరాలు పంపి, రమ్మన్న రోజున వెళ్ళాం. రిజిస్టర్లు మన చేతికిచ్చి తిరగేసుకోమనరు. సిబ్బంది వెతికి, దొరికింది చూపిస్తారు. అక్కడి జనం తమ మూలాల ధ్రువపత్రాల కోసం రోజూ వస్తుంటారు, ఓసీఐ కార్డుకి, అంటే విదేశాల్లో ఉన్న భారత సంతతి వాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చే కార్డుకి, అది కావాలి. మేం ఎదురు దిక్కు నుంచి వచ్చామని తెలిసి అక్కడి ఉద్యోగిని కాస్త ముచ్చట పడింది.

రెండు నమోదులు దొరికాయి. ఇద్దరికీ అదే పేరు, ఇద్దరిదీ గంజాం జిల్లా. మొదటివాడి తండ్రి పేరు మా దగ్గరున్న పేరుతో సరిపోయింది. కానీ ఊరి గడిలో వట్టి ‘చికాకోల్’ అని ఉంది, ఫొటో లేదు. రెండోవాడి ఊరు మా ఊరికి ఏటి అవతల ఊరు. తండ్రి పేరు వేరు. ఫొటో ఉంది. తలపాగా లేదు, చొక్కా లేదు, కెమెరా వంక కోపంగా చూస్తున్నాడు.

పెదనాన్న ఆ ఫొటో ముందు నుంచి కదల్లేదు. “ఆ చెవులు చూడమ్మా. మా నాన్నవే.”

“తండ్రి పేరు కలవట్లేదు కదా పెదనాన్నా.”

“గుమాస్తా ఏటి రాసేడో ఏటో. సెవికి ఎలాగ వినబడితే అలాగ రాసీవోరని నువ్వే కదే సెప్పేవు.”

నా మాటతోనే నన్ను కొట్టారు. చరిత్ర విద్యార్థిగా నేను మొదటివాడి వైపే ఉన్నాను, చెవుల పోలిక సాక్ష్యం కాదు. ఇంకో సంగతి కూడా ఆయనకి అప్పుడు చెప్పలేదు, మెట్రోలో తిరిగొస్తూ చెప్పాను. ఆ ఫొటోలు వాళ్ళని గుర్తుంచుకోవడానికి తీసినవి కావు. 1867 చట్టం ప్రకారం ఒప్పందం ముగిసిన కూలీ కూడా ఫొటో అంటించిన టికెట్ దగ్గర పెట్టుకునే తిరగాలి. లేకపోతే దేశదిమ్మరి కింద పట్టుకుని లోపలేసేవారు. నెలకి 5 రూపాయల కూలి, ఒక రోజు పని మానేస్తే రెండు రోజుల కూలి కోత. ఈ దారుణాల మీద 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట మేనేజరు కూలీల చేత అర్జీ పెట్టించాడు, మరుసటి ఏడు విచారణకి బ్రిటిష్ వాళ్ళ రాయల్ కమిషన్ వచ్చింది. అంటే మనం ఇంట్లో పటం కట్టుకోవాలనుకుంటున్నది పోలీసులకి పనికొచ్చే బొమ్మ.

పెదనాన్న చాలాసేపు ఆలోచించి, “అందుకే గావాల, అంత కోపంగా సూస్తన్నాడు” అన్నారు. ఆ ఫొటో కాపీకి అర్జీ పెట్టాలన్నారు. నేను మొదటివాడి నమోదుకీ పెట్టించాను.

ఆ ఆదివారం రోజ్ హిల్‌కి దగ్గర్లోని ఒక తెలుగు మందిరానికి వెళ్ళాం. ఎవరూ పరిచయం లేదు, నేరుగా వెళ్ళి కూర్చున్నాం. అక్కడి తెలుగువాళ్ళు ఇంట్లో మాట్లాడేది క్రియోల్. బళ్ళో తెలుగు నేర్చుకునే వీలుంది, ఉగాది దేశమంతటికీ సెలవు. రామభజన, అమ్మోరు పండగ, సింహాద్రి అప్పన్న పూజ ఇప్పటికీ చేస్తారని నేను చదివిందే. కానీ ఆ దేవుడి పేరు అక్కడి ముసలమ్మ నోట వింటుంటే పెదనాన్న కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మాటలు సగం అర్థమయ్యాయి, పాటలు మొత్తం అర్థమయ్యాయి.

మేం ఎందుకొచ్చామో తెలిశాక వాళ్ళు మమ్మల్ని వదల్లేదు. ఒకాయన ఇంటికి పరిగెత్తి పాత కాగితం తెచ్చాడు, ఇంకొకామె ఫోన్లో ఫొటో చూపించింది. అన్నిట్లోనూ ఇంగ్లీషులో ఏవో ఊళ్ళ పేర్లు. ఇది ఎక్కడుందో మీకు తెలుసా అని అడిగారు. ఒకటి టెక్కలి అని వెంటనే చెప్పగలిగాం. ఒకటి భీమిలి దగ్గరిదేమో అనిపించింది. మిగతావి రాసుకున్నాం. కార్డు కోసమా అని అడిగితే, కార్డు ఎప్పుడో వచ్చిందనీ, ఊరు చూడాలనే అడుగుతున్నామనీ అన్నారు.

ఆ జాబితా ఇప్పుడు నా దగ్గరుంది. గంజాం, విశాఖ జిల్లాల పాత గ్రామాల పేర్లతో పోల్చి చూడాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చూడాలి. సెమిస్టర్ పరీక్షలవగానే వెళ్తున్నాను. పెదనాన్న తనూ వస్తానంటున్నారు, ఏటి అవతల ఊరి సంగతి తేల్చాలట.