ఉప్పలపాడు గూడబాతులు, విశాఖ ఆల్బట్రాస్

విజయవాడ నుంచి ఉప్పలపాడు పక్షుల చెరువుకి ట్రావెల్స్ కారు మాట్లాడుకోవద్దు. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఇదే. 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ 2,200 రూపాయలన్నారు. ఇంటి నుంచి చెరువుకి రానూపోనూ 72 కిలోమీటర్లే. బిల్లులో మాత్రం 94 వేశారు. కారు వాళ్ళ షెడ్డులో బయలుదేరిన దగ్గర్నుంచి మళ్ళీ షెడ్డు చేరేదాకా లెక్కట. ఫోన్లో ఆ మాటే ఎత్తలేదు. అదనపు 14 కిలోమీటర్లకి 14 చొప్పున 196, డ్రైవరు బత్తా 300, టోలు విడిగా. డబ్బు సంగతి అలా ఉంచితే, తెల్లవారుజామున 5 గంటలకి రావాల్సిన బండి 6.20కి వచ్చింది. అది అస్సలు క్షమించలేం. బండి మాట్లాడేటప్పుడు “కిలోమీటర్లు ఎక్కడి నుంచి ఎక్కడికి?” అని అడిగి, జవాబు వాట్సాప్‌లో పెట్టించుకోండి.

గుంటూరులో రాత్రి ఉండే వీలుంటే ఇంకా మేలు. అక్కడి నుంచి చెరువు 8 కిలోమీటర్లే. రెండోసారి అలాగే వెళ్ళాం. మూడు గంటలు ఆగడంతో సహా ఆటోకి 500 అయింది.

తెల్లవారే ఆ తొలి గంట ఎందుకంత ముఖ్యమంటే, చెరువులో డ్యూటీ మారేది అప్పుడే. రాత్రంతా వేటకి వెళ్ళిన రాత్రి కొంగలు ఎర్రకళ్ళేసుకుని తిరిగొచ్చి కొమ్మల్లో ముడుచుకుంటాయి. అవి వచ్చే వేళకే తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు, నత్తగుల్ల కొంగలు పొలాల మీదికి లేస్తాయి. ఎనిమిది దాటాక వెళ్తే చెట్ల మీద గూళ్ళూ పిల్లలూ కనిపిస్తాయి కానీ ఈ రాకపోకలు ఉండవు. మొదటిసారి మాకు దక్కింది అంతే. పిల్లలు గంటలో విసిగిపోయి కారెక్కుతామన్నారు. రెండోసారి తొమ్మిదిన్నరయినా కదల్లేదు.

ఇది పెద్ద సరస్సు కాదు, ఊరి చెరువు. నీళ్ళలో నిలిచిన సర్కారు తుమ్మ చెట్లే పక్షులకి ఇళ్ళు. అదే దీని గొప్ప. కొల్లేరులో అరకిలోమీటరు అవతల తెల్లచుక్కలా కనిపించే గూడబాతు (పెలికాన్) ఇక్కడ గట్టు మీద నిలబడితే పై ముక్కు మీది నీలి చుక్కలతో సహా తెలుస్తుంది. పిల్ల గూడబాతు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి తినడం బైనాక్యులర్స్ లేకుండానే చూడొచ్చు. ఎర్రకాళ్ళ కొంగలకి అరుపు దాదాపు లేదు. ముక్కు టకటకలాడించడమే వాటి పలకరింపు. గోలంతా పిల్లలదే.

నత్తగుల్ల కొంగ ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది. దెబ్బ తగిలి వంకరపోయిందనుకుంటారు చాలామంది. అది నత్తలు తినడానికి కుదిరిన ముక్కు. పొలాల్లో నత్తల్ని గుల్లలోంచి లాగి తింటుంది.

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గూడబాతుల కాలం. ఎర్రకాళ్ళ కొంగలు ఎండలు ముదిరేదాకా ఉంటాయి. చలికాలంలో వెళ్తే సాయంత్రం కూడా వదులుకోవద్దు. జొన్నచేల మీద మేసిన గులాబి గోరింకలు గుంపులు గుంపులుగా చెట్ల మీదికి దిగుతాయి.

బైనాక్యులర్స్ 8×42 (8 రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు. 10 రెట్లది పిల్లల చేతుల్లో వణుకుతుంది, పక్షి నిలవదు. వాడేముందు రెండు గొట్టాల్నీ వంచి, రెండు వలయాలు ఒకటిగా కనిపించేదాకా సర్దాలి. కుడికన్ను మూసి మధ్య చక్రంతో ఎడమకంటికి బొమ్మ తేటపరచాలి. ఆ తర్వాత ఎడమకన్ను మూసి, కుడి కంటిగొట్టం దగ్గరి రింగు తిప్పాలి. ఆ రింగు ముట్టుకోకుండా “మసగ్గా ఉంది” అని పక్కన పడేసేవాళ్ళే ఎక్కువ. పొద్దున తూర్పు గట్టు మీద, సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడండి. ఎదురెండలో అన్ని కొంగలూ నల్లగానే ఉంటాయి.

వాసన గట్టిగా వస్తుంది. రెట్టలతో నిండిన నీళ్ళు కదా. అత్తయ్యగారు మొదటి పావుగంట కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే ఉన్నారు. చెట్ల కింద నిలబడితే టోపీ తప్పనిసరి. బాత్‌రూమ్ పని హైవే బంకులోనే చూసుకోండి.

తొమ్మిది తర్వాత నేల వేడెక్కితే అసలు పాఠం మొదలవుతుంది. ఐదారు కిలోల గూడబాతు నీళ్ళ మీద పరుగుపెట్టి, కాళ్ళతో తన్నుకుంటూ బరువుగా లేస్తుంది. వేడిగాలి దొరికిందా, ఇక రెక్క ఆడించదు. గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది. రెక్క చివరి ఈకలు వేళ్ళలా విడిపోయి ఉంటాయి, వాటి సందుల్లోంచి గాలి జారి సుడులు తగ్గుతాయి. పిల్లలకి ఇది చూపించాకే విశాఖలో జనం చూడ్డానికి పెట్టిన నౌకాదళ విమానం చూపించాలి.

తిరుగు దారిలో హైవే పక్క బండి మీద పెసరట్టు, అల్లం పచ్చడి. నలుగురికి 190. ఆ వారం తిన్న వాటిలో అదే మేలు.

ఆ విమానం కోసం మర్నాడు విశాఖ వెళ్ళాం. తెల్లవారుజామున విజయవాడలో రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. బీచ్ రోడ్డు మీద టీయూ-142 ఉంది. నౌకాదళంలో 1988 నుంచి 2017 మార్చి 29 దాకా పనిచేసింది. అది ఉన్న విమాన దళం స్క్వాడ్రన్ 312, దాని పేరు ‘ఆల్బట్రాస్’. సముద్రాల మీద గంటల తరబడి రెక్క ఆడించకుండా తేలే పక్షి పేరు. పేరు సరిగ్గా పెట్టారు.

లోపలికి వెళ్ళేముందు రెక్క కింద నిలబడండి. ఒక కొస నుంచి ఇంకో కొసకి 50 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్కటి దాదాపు 15,000 హార్స్‌పవర్. ఒక్కో ఇంజనుకి ఒకదాని వెనక ఒకటి రెండు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి నాలుగు రెక్కలు, ఒకదానికొకటి ఎదురుగా తిరిగేవి. ముందుది గాలిని మెలితిప్పి వదిలితే, వెనకది ఆ మెలిని విప్పి వృథా శక్తిని తోపుగా మారుస్తుంది. మెలిపెట్టే బలాలు కూడా ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. ఉప్పలపాడులో ఈక సందుల్ని చూసిన పిల్లలకి ఇది వెంటనే అర్థమైంది. ఎనిమిదేళ్ళది ప్రతి ఇంజను దగ్గరా ఆగి రెక్కలు లెక్కపెట్టింది.

సోమవారాలు సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే లోపలికి పంపిస్తారు. ఎదురుగా రోడ్డవతల కురుసుర జలాంతర్గామి. ఈ విమానం పనే నీటి కింద జలాంతర్గాముల్ని వెతకడం. నీళ్ళలోకి జారవిడిచే చెవుల్లాంటి సోనోబాయ్‌లు కూడా చూపిస్తారు. అందుకే ముందు విమానం, తర్వాత జలాంతర్గామి చూడండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు జలాంతర్గామి మాత్రం వదిలేయండి. లోపల గది నుంచి గదికి వంగి, కాలెత్తి గుండ్రటి కన్నంలోంచి దాటాలి.